శ్రీ మల్లికార్జున పండితారాధ్యులు

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు ముందు కోనసీమను ఒక ప్రక్కను, ద్రాక్షారామ మండలమును మఱియొక ప్రక్కను ఉంచుకొని ప్రవహించును. కోనసీమ ఒడ్డున ముక్తేశ్వరము, ఎదుటి ఒడ్డున కోటిపల్లి. అమలాపురము, కొత్తపేట, రాజోలు ప్రాంతముల శివభక్తులు మహాశివరాత్రికిని కార్తికమాసమునకును ఏరు దాటి కోటిపల్లి రేవున స్నానమాడి, సోమేశ్వరుని సేవించి, అటనుండి కొద్ది క్రోసుల దూరముననున్న ద్రాక్షారామ భీమేశ్వరుని దర్శింపబోవుట తరతరముల వాడుక. 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు క్షేత్రములును దానిలో చేరినవి. కాగితము మీద ఆనాడు కలిసినను, భక్తుల నడకలో ఇవి ఏనాడును కోనసీమకు వేరు కావు.

ఆ యాత్రికులలో ఎందరికి తెలియునో గాని, వారు నడచు ఆ త్రోవ తెలుగునాట శైవమతోద్ధారకుడైన ఒక మహాపురుషుని బాల్యమునకును దీక్షకును త్రోవ. ద్రాక్షారామము ఆయన పుట్టినయూరు. కోటిపల్లి ఆయన గురుస్థానము. ఆయనయే శ్రీమల్లికార్జున పండితారాధ్యులు. శైవాచార్యులలో పండితత్రయమని శ్రీపతి పండితుని, శివలెంక మంచన పండితుని, మల్లికార్జున పండితుని కలిపి చెప్పుదురు. తెలుగు సాహిత్యమున శివకవిత్రయమని నన్నెచోడుని, మల్లికార్జున పండితుని, పాల్కురికి సోమనాథుని కలిపి చెప్పుదురు. రెండు త్రయములందును నిలిచిన పేరు ఈయనది ఒక్కటియే.

ఆయన కాలము 12వ శతాబ్ది. కల్యాణమున బసవేశ్వరులు భక్తిభాండారియై వెలుగొందుచున్న కాలమే ఆంధ్రదేశమున ఈయన కాలము. ఇద్దరును ఒకే శివుని ఒకే తీవ్రతతో కొలిచిరి. ఇద్దరును లింగధారణమును బోధించిరి. అయినను ఒకరినొకరు చూడలేదు. పండితారాధ్యుల జీవితమును చదువునపుడు మనస్సును పట్టి నిలుపు విషయములలో ఇది మొదటిది.

ఆయన చరిత్రమునకు మనకు ముఖ్యమైన ఆధారము పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము. అది ద్విపద కావ్యము. దీక్షా ప్రకరణము, పురాతన ప్రకరణము, వాద ప్రకరణము, మహిమ ప్రకరణము, పర్వత ప్రకరణము అని దానికి ఐదు భాగములు. సోమనాథుడు చరిత్రకారుడు కాడు, భక్తుడు. ఆరాధ్యుల మహిమలు విని పరవశించి వ్రాసినవాడు. కావున ఆ గ్రంథమున జరిగినది ఏది, భక్తులు చెప్పుకొన్నది ఏది అని విడదీయుట అంత సులభము కాదు. విడదీయవలెనను పంతముతో చదువువారికి దానిలోని సారము అందదు. విడదీయనే కూడదను వారికి మనిషి అందడు. రెంటి నడుమ నడచుటయే మేలు.

ద్రాక్షారామము ఆనాటికే పేరొందిన శైవక్షేత్రము. పంచారామములలో ఒకటి. 9వ శతాబ్ది చివరను రాజ్యమునకు వచ్చిన చాళుక్య భీముని పేరుతో భీమేశ్వరాలయము ముడివడియున్నది. రెండంతస్తులకు ఎదిగిన స్ఫటిక లింగము, మాణిక్యాంబ అమ్మవారు, సప్తగోదావరి గుండము, గోడలమీదను స్తంభములమీదను వందలకొలది శాసనములు. చాళుక్యులు, చోళులు, వెలనాటి ప్రభువులు, వారి రాణులు, మంత్రులు, సెట్లు ఈ దేవునికి భూములిచ్చిరి. అఖండదీపములకై పశువుల మందలను ఇచ్చిరి. ఇంతటి వైభవము గల ఆలయము నీడన పండిత కుటుంబమున పుట్టిన బిడ్డకు వేదము, ఆగమము, తర్కము పసినాటనే చెవిని పడుట వింత కాదు. తండ్రి భీమన పండితుడు. తల్లి గౌరాంబ. తండ్రి పేరు ఊరి దేవునిది. బిడ్డకు పెట్టిన పేరు శ్రీశైల నాథునిది. జీవితము ఎచట మొదలై ఎచట ముగియవలెనో ఆ రెండు పేర్లలోనే యున్నట్లు తోచును.

అక్కడికి ఎంతో దూరము లేని రాజమహేంద్రవరమున, సుమారు ఒక శతాబ్దము ముందు, రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు భారతమును తెనిగించియుండెను. తెలుగు కవిత్వమునకు రాజసభ దొరకినది. రాజు కోరుట, కవి చెప్పుట, పండితులు వినుట అను పద్ధతి ఏర్పడినది. ఆ గోదావరి గాలినే పీల్చి పెరిగిన మల్లికార్జున పండితుడు రాజాశ్రయమును కోరలేదు. ఆయన కవిత్వమునకు శ్రోత శివుడే.

చదువు ముగిసిన పిదప ఆయన కోటిపల్లికి పోయి ఆరాధ్యదేవుడను గురువు వద్ద శివదీక్షను పొందిరి. వీరశైవ కుటుంబములలోని వారికి దీక్షయననేమో వేఱుగ చెప్పనక్కరలేదు. గురువు శిష్యుని కరతలమున ఇష్టలింగమునుంచి, నాటినుండి ఆ లింగమే అతని ప్రాణమని తెలుపును. గుడిలోని దేవుడు దేహము మీదికి వచ్చును. భీమేశ్వరునివంటి మహాలింగమును రోజును చూచుచు పెరిగిన యువకునికి, అరచేతిలో పట్టునంతటి లింగమును చూచినపుడు కలిగిన భావమెట్టిదో ఊహించుకొనవలసినదే. ద్రాక్షారామము నుండి కోటిపల్లికి నడచినది కొద్ది దూరమే కాని, ఆలయార్చన నుండి ఇష్టలింగార్చనకు జరిగిన ప్రయాణము చాల పెద్దది.

అయితే ఒక్క విషయము. దీక్ష పొందినప్పుడు ఆయన యజ్ఞోపవీతమును విడువలేదు. వేదమును, గాయత్రిని, వైదిక కర్మలను విడువలేదు. లింగమును ధరించి, జందెమును ఉంచుకొని, విభూతి రుద్రాక్షలతో శివుడొక్కడే పరమాత్మయని చాటుట ఆయన త్రోవ. ఈ త్రోవనే తరువాతివారు ఆరాధ్య సంప్రదాయమనిరి. ఆంధ్రదేశమున నేటికిని ఆరాధ్య కుటుంబములలో లింగము, యజ్ఞోపవీతము రెండును కలవు.

దీక్షానంతరము ఆయన జీవితమంతయు వాదములతో నిండినది. ఆ కాలమునకు ఆంధ్రదేశమున బౌద్ధము క్షీణించినదేగాని నశింపలేదు. 1182లో కోట కేతరాజు అమరావతిలో అమరేశ్వరునికి దానములు చేయుచునే, ప్రక్కనున్న బుద్ధదేవునికిని దీపములు పెట్టించినట్లు శాసనము కలదు. జైనులు, చార్వాకులు, అద్వైతులు, కర్మవాదులు ఎవరి మతమును వారు సభలలో నిలుపుకొనుచుండిరి. సభలో ఓడినవాని మతమునకు ఆదరము పోవును. గెలిచినవానికి అగ్రహారము వచ్చును. వాదము అనగా కాలక్షేపము కాదు.

పండితారాధ్యుల వాదములలో ప్రసిద్ధమైనది చందవోలున జరిగినది. చందవోలు వెలనాటి చోళుల రాజధాని. ఇప్పుడది బాపట్ల ప్రాంతమున ఒక గ్రామము. వెలనాటి ప్రభువుల ఏలుబడి అప్పుడు గోదావరి వరకు వ్యాపించియుండెను. ద్రాక్షారామ భీమేశ్వరునికి వారు చేసిన దానముల శాసనములు ఆ గుడిలోనే కలవు. అట్టి రాజసభలో బౌద్ధాచార్యునితో పండితారాధ్యులు వాదించి గెలిచిరని సోమనాథుడు వ్రాసెను.

అక్కడితో కథ ముగిసిన బాగుండెడిది. ఓడిన బౌద్ధాచార్యుడు శివదూషణ మానలేదని, ఆరాధ్యుల శిష్యులు అతనిని చంపిరని చెప్పుదురు. రాజు కోపించి శిష్యుల నేరమునకు గురువును బాధ్యుని చేసి పండితారాధ్యుల కన్నులు తీయించెను. ఆయన శివుని వేడగా చూపు మరల వచ్చెను. ఆయన రాజును రాజధానిని శపించి ఆ యూరు విడిచిరి. సోమనాథుడు దీనిని మహిమగా, వీరభక్తికి నిదర్శనముగా వ్రాసెను. శివనింద విన్నవాడు ఊరకుండరాదనుట ఆనాటి వీరమాహేశ్వరుల వ్రతము. ఆ వ్రతమును పండితారాధ్యులే తమ గ్రంథమున గట్టిగా చెప్పిరి. కాని వాదమున గెలిచిన తరువాత ఓడినవానిని చంపుట గెలుపునకు మచ్చ. దయలేని ధర్మము ధర్మమే కాదని బోధించిన బసవేశ్వరుల మార్గమున పెరిగిన నేటి పాఠకునికి ఈ ఘట్టము చదువునపుడు మనస్సు కలుక్కుమనక మానదు. అట్లు అనిపించుటలో తప్పు లేదు. గురువు ఆజ్ఞ లేక శిష్యులు చేసిన పనికి గురువు కన్నులు పోయినవన్నది కూడ ఈ కథలోనే యున్నది; దానిని మఱువరాదు. వెలనాటి రాజ్యము 13వ శతాబ్ది ఆరంభమున కాకతి గణపతిదేవుని చేతిలోనికి పోయినది. భక్తులు దానిని శాపఫలమనిరి. చరిత్రకారులు కాకతీయుల బలమనిరి.

ఇక ఆయన కవిత్వము. పండితారాధ్యుల పేర అనేక రచనలు చెప్పబడుచున్నవి. రుద్రమహిమ, గణసహస్రమాల, అమరేశ్వరాష్టకము, పర్వతవర్ణనము, శ్రీగిరి మల్లికార్జున శతకము మున్నగునవి వానిలో కొన్ని. బసవగీతములును ఆయనవే యందురు. మనకు దక్కిన ముఖ్యగ్రంథము శివతత్త్వసారము. ఇది కందపద్య గ్రంథము. శతాబ్దముల తరబడి పండితులకు పేరుమాత్రమే తెలిసి, తాళపత్రములలో మరుగుపడియుండి, 20వ శతాబ్ది తొలి పాదమున కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారి పరిశ్రమవలనను పీఠికవలనను లోకమునకు తెలిసినది. లక్ష్మణరావుగారు 1923లో గతించిరి. అనగా ఆ మహాపండితుని చివరి పనులలో ఇది ఒకటి. దొరకిన పద్యములు 489. గ్రంథము ఇంతకంటె పెద్దదియే యైయుండునని పండితుల అభిప్రాయము.

శివతత్త్వసారమున కథ లేదు. నాయకుడు లేడు, వర్ణనలు లేవు. ప్రతిపద్యమును శివునికి చేసిన విన్నపమే. శివా, అజా, రుద్రా, మహేశా అను ఇట్టి పిలుపులతో పద్యములు ముగియును. ఒకే మకుటము లేదు, నూరు అను లెక్క లేదు. అయినను దేవుని ఎదుట నిలిచి ఒక్కొక్క పద్యమును ఒక్కొక్క పువ్వువలె సమర్పించు ఈ పద్ధతి తరువాత తెలుగున శతకమై విస్తరించినది. సోమనాథుని వృషాధిప శతకము, యథావాక్కుల అన్నమయ్య 1242లో రచించిన సర్వేశ్వర శతకము ఈ త్రోవలోనివే. తెలుగు పల్లెలలో పలకపట్టిన ప్రతిబిడ్డయు శతకపద్యము వల్లించియే చదువు మొదలుపెట్టిన కాలము మొన్నమొన్నటిది. ఆ శతకవాఙ్మయమునకు నారుమడి ఈ గ్రంథము.

విషయమునకు వచ్చినచో ఇది వాదగ్రంథము. సభలలో పలికిన తర్కమే ఇచట పద్యమైనది. జీవుడే బ్రహ్మమైనచో పూజించువాడెవడు, పూజ లందువాడెవడు అని అద్వైతిని నిలదీయును. కర్మయే ఫలమిచ్చుననువానికి, శివుని విడిచి చేసిన దక్షుని యజ్ఞమేమైనదో గుర్తుచేయును. లోకమునకు కర్త లేడను వారిని ఎదిరించును. ఖండనము ముగిసినచోట భక్తి మొదలగును. భక్తుల కథలు సూచనగా వచ్చిపోవును. వేటకాడైన కన్నప్పవంటి భక్తుల ముందు కర్మఠుల నియమములు వెలవెలబోవును. శివభక్తుని కులమడుగరాదనియు, భక్తిలేని అగ్రజాతివానికంటె భక్తిగల నిమ్నజాతివాడే పూజ్యుడనియు ఈ గ్రంథము పలుచోట్ల చాటును.

ఇచటనే చదువరికి ఒక ప్రశ్న పుట్టును. ఇట్లు చెప్పిన మహనీయుడు యజ్ఞోపవీతమును ఏల విడువలేదు? భక్తునికి కులము లేదన్నవాడు తన కులచిహ్నమును ఏల ఉంచుకొనెను?

ఈ ప్రశ్నను మొదట అడిగినవారు మనము కాము. బసవేశ్వరుల పేరుతోనే ఈ ప్రశ్న ముడివడియున్నది. బసవేశ్వరులు బాల్యముననే ఉపనయనమును నిరాకరించి ఇల్లు విడిచిరి. తరువాత కల్యాణమున కలచురి బిజ్జలుని వద్ద మంత్రియై, అనుభవమంటపమున చాకలిని, చెప్పులు కుట్టువానిని, పడవ నడుపువానిని ఒక్కచోట కూర్చుండబెట్టిరి. కాయకము చేయనివానికి కైలాసము లేదనిరి. ఆ వార్తలు జంగమముల నోట ఆంధ్రదేశమునకు వచ్చినవి. జంగమము ఊరూర తిరుగువాడు. ఒక యూరి దీపమును మఱియొక యూరికి మోసికొనిపోవువాడు. కృష్ణను దాటి, గోదావరిని దాటి బసవని కీర్తి ద్రాక్షారామమునకు చేరినది. పండితారాధ్యులు వినిరి, పరవశించిరి. మతమున తనతో ఏకీభవింపని చోటు కలదని తెలిసియు బసవనిని గురుతుల్యునిగా తలచిరి. బసవని మార్గమును ఆయన ఎంత ప్రేమించినను, పుట్టుకతో వచ్చిన బ్రాహ్మణాచారముతోడి బంధమును తెంచుకొనుట తనవలన కాకున్నదని ఆయన బసవనికి మనవి చేసికొన్నట్లు ప్రసిద్ధమైన ఒక పద్యము లోకమున నిలిచియున్నది.

ఆ మనవిలో వాదము లేదన్నది గమనింపవలెను. చందవోలు సభలో ఎదుటివానిని నిలువనీయని తార్కికుడు, బౌద్ధుని, అద్వైతిని, చార్వాకుని ఒక్కొక్క కందపద్యముతో పడగొట్టిన పండితుడు, బసవని ముందు తన యజ్ఞోపవీతమును సమర్థించుకొన లేదు. శ్రుతిప్రమాణము చూపలేదు. చేతకాలేదని మాత్రము చెప్పెను. తలచుకొన్నచో వేయి ప్రమాణములు చూపగల విద్య ఆయనది. చూపకపోవుట ఆయన నిజాయితీ. జీవితమంతయు గెలిచినవానికి తన బలహీనతను తన నోటితో చెప్పుకొనుట గెలుపుకంటె కష్టము.

ఆరాధ్యులకును, బసవమార్గీయులకును నడుమ ఏర్పడిన తేడాకు మూలమిదియే. మఠములలోను కుటుంబములలోను ఈ తేడా మీద చాల వివాదములు జరిగినవి. ఆరాధ్యులు సగము త్రోవలో నిలిచిపోయిరని ఒకరందురు. వేదమును విడువక శైవమును నిలిపినందుననే ఆంధ్రదేశమున వైదికుల నడుమ లింగధారణమునకు చోటు దొరకినదని మఱియొకరందురు. రెండు మాటలలోను నిజమున్నది. కాని పండితారాధ్యులు స్వయముగా ఈ వివాదమున ఏ పక్షమున నిలిచిరని అడిగినచో, ఆయన మనస్సు బసవని పక్షమున నిలిచినదనియే చెప్పవలెను. ఆచారము ఒకచోట, అనురాగము ఒకచోట ఉండుట మనుష్యులకు క్రొత్త కాదు.

పండితత్రయములోని శ్రీపతి పండితుని కథ ఇచట ఒకసారి తలచుకొనదగినది. ఆయన బెజవాడ నివాసి. శివభక్తుల పక్షమున ఆయన ఆ యూరి నిప్పునంతటిని తన ఉత్తరీయమున మూటగట్టి జమ్మిచెట్టుకు వ్రేలాడగట్టెనని, ఊరిలో ఎవ్వరి ఇంటను పొయ్యి రాజుకొనలేదని, జనులు వచ్చి వేడుకొన్నపుడు మరల ఇచ్చెనని చెప్పుదురు. ఈ కథ బెజవాడ మల్లేశ్వరాలయ శాసనమునకును ఎక్కినది. ఆంధ్రదేశపు శైవాచార్యులు ఎట్టివారో, ఎట్టి తీవ్రత గలవారో తెలియుటకు ఇది చాలును. అట్టి వారి నడుమ తలమానికముగా నిలిచినవారు పండితారాధ్యులు.

చివరకు ఆయన బసవేశ్వరులను చూడవలెనని నిశ్చయించుకొని శిష్యులతో కల్యాణమునకు బయలుదేరిరి. గోదావరీతీరము నుండి కల్యాణము ఈనాటి దారులలోనే దూరము. అడవులు, కొండలు, రెండు రాజ్యముల సరిహద్దులు. దారి పొడుగునను శివభక్తుల ఇండ్ల విడిదిచేయుచు, వారికి బోధించుచు నడచిరి.

ఆయన నడచుచున్న దినములలో కల్యాణము కాలిపోవుచుండెను. చెప్పులు కుట్టు హరళయ్య కొడుకునకును, బ్రాహ్మణుడైన మధువరసుని కూతునకును శరణులు వివాహము చేసిరని, కులము చెడినదని బిజ్జలుని సభలో గగ్గోలు పుట్టినదని, ఆ తండ్రులనిద్దరిని క్రూరముగా చంపించిరని శరణ సంప్రదాయము చెప్పును. అటుపిమ్మట కల్యాణమున కల్లోలము చెలరేగి బిజ్జలుడు 1167లో హతుడయ్యెను. శరణులు చెల్లాచెదరైరి. బసవేశ్వరులు కూడలసంగమమున లింగైక్యమందిరి.

ఆ వార్త పండితారాధ్యులకు మార్గమధ్యముననే తెలిసినది.

ఒక జందెమును విడువలేని పండితుడు, ఆ జందెమును లెక్కచేయని పెండ్లికై ప్రాణములర్పించినవారి నగరమునకు పోవుచు, ఆ నగరమును చేరకమునుపే అది లేదని వినెను. ఆయన దుఃఖమును సోమనాథుడు విస్తరించి వ్రాసెను. బసవని పేరు పెట్టి పిలిచి పిలిచి విలపించిరని, ఇక చూచుటకు కన్నులెందుకని, బ్రతికియుండుటెందుకని కుమిలిరని భక్తులు చెప్పుకొందురు. చందవోలున కన్నులు పోయినప్పుడు ఆయన శివుని వేడి తెచ్చుకొనిరి. ఈసారి వేడుకొనుటకు ఏమియు మిగులలేదు.

కల్యాణమునకు పోవు త్రోవను విడిచి ఆయన శ్రీశైలమునకు మరలిరి. తన పేరు గల దేవుని సన్నిధికి పోయి అచటనే లింగైక్యమందిరి.

పండితారాధ్య చరిత్రములోని చివరిదైన పర్వత ప్రకరణము ఈ శ్రీశైలమునకు సంబంధించినది. దుఃఖముతో మొదలుపెట్టి చదువువానికి ఇచట ఒక లోకమే కనబడును. మహాశివరాత్రికి నలుదెసలనుండి కొండకు వచ్చు యాత్రికులు, వారి వేషములు, వారి మ్రొక్కులు, త్రోవలో పాడు పాటలు. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు అని సోమనాథుడు పేర్లు చెప్పుచు పోవును. నాట్యములు, వాద్యములు, బొమ్మలాటలు, గారడీలు, రకరకముల జంగమములు. ఆనాటి సామాన్య తెలుగుజనుల పాటలేవి, ఆటలేవి అని తెలిసికొనగోరు పరిశోధకులు నేటికిని మొదట తెఱచు పుస్తకము ఇది. చిలుకూరి నారాయణరావుగారు దీనిని పరిష్కరించి సుదీర్ఘమైన పీఠికతో వెలువరించుటలో ఈ కారణమును ఒకటి. ఒక గురువు చరిత్రను చెప్పబూని సోమనాథుడు ఒక జాతి జీవితమునే భద్రపరచెను. సంక్రాంతి కనుమనాడు జగ్గన్నతోటకు పదునొకండు గ్రామముల రుద్రుల ప్రభలు భుజములమీద కాలువలు దాటి వచ్చుటను చూచిన కోనసీమవాసికి, సోమనాథుడు వర్ణించిన ఆ శివయాత్రల సందడి పరాయిదనిపించదు.

వీరశైవుల పంచాచార్య సంప్రదాయమున శ్రీశైల సూర్యసింహాసన పీఠమునకు మూలపురుషులుగా జగద్గురు పండితారాధ్యుల పేరు వినబడుచున్నది. శ్రీశైల మల్లికార్జున లింగమునుండి ఆవిర్భవించినవారని పీఠ సంప్రదాయము వారిని వర్ణించును. ద్రాక్షారామమున భీమన పండితునికి పుట్టిన మల్లికార్జున పండితారాధ్యులే ఆ మూలాచార్యులని చరిత్రపరిశోధకులు కొందరు అందురు. పీఠభక్తులు ఆ ఆచార్యుని అత్యంత ప్రాచీనునిగా నమ్ముదురు. నమ్మికను చరిత్రతో కొలుచుట, చరిత్రను నమ్మికతో కొలుచుట రెండును ఫలింపవు. శ్రీశైలముతో ఆ పేరు పెనవేసికొనిపోయినదన్నంతవరకు ఇరువురికిని భేదము లేదు.

ఆయన కథను మఱికొందరు కవులును చెప్పిరి. శ్రీనాథుడు తన యౌవనమున పండితారాధ్య చరిత్రమును పద్యకావ్యముగా రచించెను; అది మనకు దక్కలేదు. భీమేశ్వరపురాణము వ్రాసి ద్రాక్షారామ వైభవమును తెలుగువారి కన్నుల ముందు నిలిపిన ఆ మహాకవి, ఆ యూరి బిడ్డను గూర్చి ఏమి వ్రాసెనో తెలియకపోవుట మన దురదృష్టము. సంస్కృతమున గురురాజు, కన్నడమున నీలకంఠాచార్యుడు పండితారాధ్యుల చరిత్రను రచించిరి. తెలుగుగురువు చరిత్రను కన్నడకవి వ్రాసెను. కన్నడగురువైన బసవేశ్వరుల చరిత్రను మొదట పురాణముగా తెలుగుకవి సోమనాథుడు వ్రాసెను. భాషల హద్దులు శివభక్తులకు అడ్డుకాలేదు.

సోమనాథుడు మొదట బసవపురాణమును, తరువాత పండితారాధ్య చరిత్రమును రచించెను. రెండును ద్విపదలే. కల్యాణము వెళ్లు త్రోవలో ఆగిపోయిన పండితుని కథను చెప్పుచున్నంతసేపును ఆ కవి బసవనామమును పలుకుచునే యుండెను.